పెడల్ కంటే ముందు వేలు: బేస్ గిటార్ ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఒకటే మాట, ఏ పెడల్ (కాలితో నొక్కితే గిటార్ సౌండ్ మార్చే పెట్టె) కొనమంటారు అని. పెడల్స్ గురించి చెప్తాను, నాకూ అవంటే ఇష్టమే. కానీ ముందు మీ చేతిలో ఉన్న గిటార్, దాని తీగలు, మీ వేళ్లు ఏం చేస్తున్నాయో చూద్దాం. కొన్ని ఉత్తరాల్లో అడిగిన సమస్యకు జవాబు అక్కడే ఉంది.

ప్రశ్న: అన్నా, మా చర్చిలో ఆరేళ్లుగా బేస్ వాయిస్తున్నాను. ఇప్పుడున్నది బాగా చవక గిటార్. కొంచెం కొంచెం దాచి 40 వేలు పోగేశాను. ప్రెసిషన్ రకం తీసుకోనా, జాజ్ రకం తీసుకోనా? ఫైవ్ స్ట్రింగ్ అయితేనే మంచిదని మా కీబోర్డ్ బ్రదర్ అంటున్నాడు. (గుంటూరు నుంచి ఒక పాఠకుడు)

తమ్ముడూ, ముందు ఆ రెండింటికీ తేడా ఏంటో చెప్తాను. 1951లో లియో ఫెండర్ కాలిఫోర్నియాలో ప్రెసిషన్ బేస్ తెచ్చేదాకా బేస్ అంటే దాదాపు మనిషంత ఎత్తుండే డబుల్ బేసే అన్నట్టు ఉండేది. బ్యాండ్‌లో డ్రమ్స్, బాకాల మధ్య అది వినపడేది కాదు, మోసుకెళ్లడం ఒక పెద్ద పని. కొత్తదానికి ఫ్రెట్స్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీతలు) పెట్టారు కాబట్టి శ్రుతి కచ్చితంగా పలుకుతుంది, ప్రెసిషన్, అంటే కచ్చితత్వం, అన్న పేరు అందుకే. 1957లో దాని పికప్‌ని (తీగల కంపనాన్ని కరెంట్‌గా మార్చే భాగం) రెండు ముక్కలు చేశారు, ఒక్కో ముక్క రెండేసి తీగలకి. ఇప్పుడు మనం ప్రెసిషన్ సౌండ్ అంటున్నది ఆ పికప్‌దే. మధ్యలో బొద్దుగా ఉంటుంది, పక్కన ఎంతమంది వాయిస్తున్నా దాని చోటు అది వదలదు, పైగా హమ్, అంటే కరెంట్ రొద, దాదాపు ఉండదు. జాజ్ బేస్ 1960లో వచ్చింది. రెండు పికప్‌లు, నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) దగ్గర సన్నటి నెక్. వెనక పికప్ ఒక్కటే పెట్టుకుంటే గొంతు పెంచి మాట్లాడినట్టు గుర్రుమంటుంది, జాకో పాస్టోరియస్ అనే బేసిస్ట్ వాయించిన ఫ్రెట్‌లెస్ (ఫ్రెట్లు లేని) బేస్‌లో మనం విన్నది ఆ పికప్‌నే.

మీ అవసరానికైతే నేను నాలుగు తీగల ప్రెసిషన్ రకమే తీసుకోమంటాను. ఫైవ్ స్ట్రింగ్‌లో బి తీగ సుమారు 31 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. చర్చిలో సాధారణంగా ఉండే స్పీకర్ బాక్సులు అంత కిందికి దిగవు, పైగా చవక ఫైవ్ స్ట్రింగ్‌లో ఆ తీగ వదులుగా ఊగుతూ నోట్ ఏదో తెలియకుండా పోతుంది. అయితే ఒక మాట మాత్రం మీ బ్రదర్‌దే నిజం. పాడేవాళ్లని బట్టి మీ పాటల శ్రుతి తరచూ డి, ఇ ఫ్లాట్‌కి మారుతుంటే కింద నోట్లు కావాల్సివస్తాయి. దానికి ఇ తీగని ఒక టోన్ దించి డి చేసుకుని చూడండి, నెల రోజులు చేశాక కూడా సరిపోవట్లేదంటే అప్పుడు ఐదో తీగ గురించి ఆలోచించండి.

ఇంకో సంగతి. మీ బేస్ సరిగ్గా వినపడట్లేదని ఉత్తరం చివర్లో రాశారు. కీబోర్డ్ ఎడమ చేయి కింది ఆక్టేవ్‌లో (కింది స్థాయిలో) బేస్ నోట్లే పట్టుకుని ఉంటే ఎంత ఖరీదైన గిటార్ కొన్నా మీరు వినపడరు. ఆ చేతిని ఒక ఆక్టేవ్ పైకి జరపమని ప్రేమగా అడగండి. డబ్బంతా గిటార్‌కే పెట్టకండి, కొంచెం దాచి మంచి స్ట్రింగ్స్‌కీ, కేబుల్‌కీ, తెలిసినవాళ్ల దగ్గర సెటప్ చేయించడానికీ ఉంచండి. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు రెండు, రెండున్నర మిల్లీమీటర్లకి తెస్తే చాలామందికి హాయిగా ఉంటుంది. మీ పాత గిటార్‌కి కూడా ఇది చేయించి చూడండి, కొత్తది కొనే తొందర తగ్గినా తగ్గుతుంది.

ప్రశ్న: 80లలో ఇళయరాజా పాటల్లో బేస్ ఉంటుంది చూశారా, గుండ్రంగా, మెత్తగా. నాకు ఆ సౌండ్ కావాలి. ఏ పెడల్‌తో వస్తుంది? (రాజమహేంద్రవరం)

ఈ ఉత్తరం చదివాక ఆ రాత్రి చాలాసేపు ఆ పాటలే వింటూ కూర్చున్నాను. పెడల్‌తో రాదండి. ఆయన చాలా పాటలకి బేస్ వాయించింది శశిధరన్ గారు. ఇళయరాజా ప్రతి వాద్యానికీ నోట్స్ విడిగా రాసిస్తారన్నది తెలిసిందే, అందుకే ఆ బేస్ కార్డ్ రూట్ (కార్డ్‌కి మూల నోట్) దగ్గర కాపలా కాస్తూ కూర్చోదు. గాయకుడు పైకి వెళ్తుంటే అది కిందికి దిగుతుంది, పల్లవి ఆగినచోట అది మాట్లాడుతుంది. మనకి గుండ్రంగా అనిపించేదాంట్లో సగం ఆ రాత వల్లే. కాబట్టి మొదట బేస్ లైన్‌ని నోటితో పాడండి. పాడలేకపోతే వాయించినా రాదు.

మిగతా సగం నోట్ ఎంతసేపు ఉండాలన్నది. డెట్రాయిట్‌లో మోటౌన్ అనే రికార్డు కంపెనీ పాటలకి బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్‌ని వినండి. 1962 ప్రెసిషన్ బేస్, దానికి లా బెల్లా వారి మందపాటి ఫ్లాట్‌వౌండ్ (పైన చదునైన చుట్టు ఉన్న) తీగలు, తెగితే తప్ప మార్చేవాడు కాదు. బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే చోటు) కవర్ కింద ఫోమ్ ముక్క. కుడి చేతి చూపుడు వేలు ఒక్కటే. స్టూడియోలో ఆంప్ (సౌండ్ పెంచే పెట్టె) కూడా లేకుండా నేరుగా రికార్డింగ్ కన్సోల్‌లోకి. పెడల్ ఒక్కటీ లేదు, అయినా అరవై ఏళ్ల తర్వాత కూడా లోకమంతా ఆ సౌండ్ కోసం వెతుకుతోంది.

ఇంట్లో ఇలా చేసి చూడండి. గిన్నెలు తోమే స్పాంజి, కొత్తదే, వేలి మందాన కోసి బ్రిడ్జి పక్కన తీగల కిందికి దూర్చండి, తీగలకి ఆనీ ఆననట్టు ఉండాలి. టోన్ నాబ్‌ని సగానికి పైగా తగ్గించండి. కుడి చేతిని బ్రిడ్జి దగ్గర నుంచి జరిపి నెక్ మొదలయ్యేచోట మీటండి. లేదంటే అరచేతి అంచు తీగల మీద ఆనించి బొటనవేలితో మీటండి, ఇదైతే స్పాంజి కూడా అక్కర్లేదు. అప్పుడు నోట్ దుమ్ము అని మొదలై ఠక్కున తగ్గుతుంది, మీరు వెతుకుతున్నది దాదాపు అదే. ఇది నచ్చితే ఫ్లాట్‌వౌండ్ సెట్ ఒకటి కొనండి. ఖరీదు ఎక్కువే కానీ ఏళ్ల తరబడి ఉంటాయి, పాతబడేకొద్దీ ఇంకా బాగుంటాయి.

ప్రశ్న: మాది కాలేజీ రాక్ బ్యాండ్. మా గిటారిస్ట్ ఓవర్‌డ్రైవ్ పెడల్ (సౌండ్‌ని కావాలని గరగరలాడించేది) అరువు తీసుకుని బేస్‌కి పెట్టాను. రూమ్‌లో అదిరిపోయింది, స్టేజ్ మీద ఆన్ చేయగానే నేను మాయమైపోయాను. ఎందుకలా? పెడల్స్ ఏ వరుసలో పెట్టాలి? (విశాఖపట్నం)

నువ్వు తీసుకున్నది ట్యూబ్ స్క్రీమర్ రకం అని రాశావు. అది గిటార్ కోసం చేసింది. సుమారు 720 హెర్ట్జ్ కంటే కిందికి వెళ్లేకొద్దీ గెయిన్ (సౌండ్‌ని పెంచే మోతాదు) తగ్గేలా దాని సర్క్యూట్ ఉంటుంది, గిటార్ బురదగా వినపడకూడదని అలా పెట్టారు. మన ఇ తీగ 41 హెర్ట్జ్. అంటే నీ నోట్‌కి పునాది ఉన్నచోట ఆ పెడల్ పెంచేది దాదాపు ఏమీ లేదు, మధ్య మాత్రం పెంచేస్తోంది. పరిష్కారం బ్లెండ్. శుభ్రమైన సౌండ్ కొంత అలాగే ఉంచి దానికి చెడగొట్టిన సౌండ్‌ని కలపాలి. బేస్ కోసం చేసిన పెడల్స్‌లో దానికి విడిగా నాబ్ ఉంటుంది. బాస్ (Boss) కంపెనీ ఓడీబీ-3లో దాన్ని బ్యాలెన్స్ అంటారు, టెక్ 21 వారి సాన్స్‌ఆంప్ బేస్ డ్రైవర్‌లో బ్లెండ్ అంటారు. ఈ రెండోదాన్ని నేరుగా మిక్సర్‌కి కూడా పెట్టుకోవచ్చు, కాలేజీ స్టేజ్‌ల మీద బేస్ ఆంప్ ఉంటుందో ఉండదో తెలియదు కాబట్టి అది పెద్ద సౌకర్యం.

కొంచెం డ్రైవ్ బేస్‌కి నిజంగానే మేలు చేస్తుంది, అది రాక్ వాళ్లకే కాదు. నీ రికార్డింగ్ వినేవాళ్లలో చాలామంది ఫోన్‌లో వింటారు. ఫోన్ స్పీకర్ 41 హెర్ట్జ్ పలికించలేదు. కానీ 82, 123, 164 దగ్గర పైపైన పుట్టే హార్మోనిక్స్‌లో కొన్ని, వాటికంటే పైవి, చెవిన పడితే చాలు, కింద ఉండాల్సిన నోట్‌ని మెదడే పూరించుకుంటుంది. డ్రైవ్ చేసే పని ఆ హార్మోనిక్స్‌ని పెంచడమే. అందుకని గెయిన్‌ని బరబర వచ్చేదాకా తిప్పకు, గట్టిగా మీటినప్పుడు మాత్రమే గరగర వినపడేలా ఉంచు.

ఇంకో తప్పు కూడా చేసుంటావని నా అనుమానం, ఎందుకంటే ఆ వయసులో అందరం చేస్తాం. రూమ్‌లో ఒక్కడివే ఉన్నప్పుడు లో, హై పెంచి మిడ్ బాగా తగ్గిస్తే సినిమా హాల్ లాగా ఉంటుంది. స్టేజ్ మీద కింద భాగం కిక్ డ్రమ్ తీసుకుంటుంది, పై భాగం సింబల్స్, గిటార్ తీసుకుంటాయి, నీకంటూ మిగిలేది మిడ్, దాన్ని నువ్వే తీసేశావు. 250 నుంచి 800 హెర్ట్జ్ మధ్య కొంచెం పెంచి బ్యాండ్‌తో కలిసి విను. ఒంటరిగా విన్నప్పుడు ముక్కుతో మాట్లాడినట్టు ఉంటుంది, టెన్షన్ పడకు.

వరుస అడిగావు కదా: ట్యూనర్, ఆ తర్వాత ఆక్టేవ్ (నోట్‌కి ఒక స్థాయి తేడా ఉన్న నోట్‌ని జోడించే పెడల్) ఉంటే అది, తర్వాత కంప్రెసర్ (గట్టి, మెల్లటి సౌండ్ల మధ్య తేడా తగ్గించేది), డ్రైవ్, చివర్లో కోరస్ లాంటివి. ఆక్టేవ్‌కి శుభ్రమైన ఒంటి నోట్ అందాలి, లేకపోతే తడబడుతుంది. కంప్రెసర్‌ని నాలుగుకి ఒకటి దగ్గర పెట్టి, అటాక్ (అది పని మొదలుపెట్టే వేగం) మరీ వేగంగా లేకుండా చూసుకో. వేలు తీగని తాకిన దెబ్బ బయటికి రావాలి.

ప్రశ్న: జాజ్ బేస్ రకం కొన్నాను. ఆంప్ ఆన్ చేస్తే ఒకటే జుమ్మని హమ్. తీగలు పట్టుకుంటే తగ్గుతుంది. షాపులో మాత్రం రాలేదు. (హైదరాబాద్, కూకట్‌పల్లి)

మొదట రెండు పికప్‌ల వాల్యూమ్‌లూ పూర్తిగా తెరవండి. చాలా జాజ్ బేసుల్లో ఆ రెండూ సమానంగా ఉన్నప్పుడు ఒకదాని హమ్‌ని ఇంకోటి కొట్టేస్తుంది, ఒకటి తగ్గించగానే బయటికొస్తుంది. అది లోపం కాదు, సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న పికప్) స్వభావం. తర్వాత గదిలో లైట్ డిమ్మర్, చార్జర్, కంప్యూటర్ ఆపుతూ చూడండి. పెడల్స్ అన్నిటికీ ఒకే అడాప్టర్ నుంచి గొలుసుగా కరెంట్ ఇస్తుంటే ఒక్కోటీ తీసి వినండి.

మీ ఉత్తరంలో చివరి వాక్యం నన్ను భయపెట్టింది: మైక్ పెదవికి తగిలితే చిన్న షాక్ కొడుతోందని రాశారు. దయచేసి ఆ ప్లగ్ పాయింట్‌లో ఇక వాయించకండి. అది ఎర్తింగ్ సమస్య. తీగలు పట్టుకున్న చేయి ఒకవైపు, మైక్ ఒకవైపు, మధ్యలో మీరు, ప్రాణం మీదికి వస్తుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ చూపించండి. హమ్ పోతుందని మూడో పిన్ను తీసేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

ప్రశ్న: స్ట్రింగ్స్‌ని నీళ్లలో మరిగిస్తే కొత్తవాటిలా అవుతాయా? ఇక్కడ ఉప్పుగాలికి రెండు వారాల్లో చచ్చిపోతున్నాయి. (కాకినాడ)

అవుతాయి, కొన్ని రోజులకి. పది నిమిషాలు మరిగించి, బాగా తుడిచి, పూర్తిగా ఆరాక ఎక్కించండి. చుట్టల మధ్య చేరిన చెమట, జిడ్డు వదులుతాయి. తరచూ చేస్తే చుట్టిన చివర్లలో విరుగుతాయి. ఫ్లాట్‌వౌండ్‌కీ, కోటింగ్ ఉన్నవాటికీ వద్దు. వాయించిన ప్రతిసారీ పొడి గుడ్డతో తీగ కింద నుంచి కూడా తుడిస్తే మరిగించే అవసరమే తగ్గుతుంది.

ప్రశ్న: నాకు 15 ఏళ్లు. బేస్ నేర్చుకోవాలని ఉంది కానీ నా చేతులు చిన్నవి, అమ్మాయిలకి కష్టమని మాస్టారు అన్నారు. నిజమేనా? (నెల్లూరు)

కాదమ్మా. మన దేశంలోనే మోహినీ డే ఉంది, చిన్న వయసులోనే మొదలుపెట్టి రెహమాన్ దగ్గర వాయించింది, ఆమె వీడియోలు ఈ రోజే చూడు. మామూలు బేస్‌లో నట్ నుంచి బ్రిడ్జి దాకా 34 అంగుళాలు. షార్ట్ స్కేల్ అని 30 అంగుళాలవి ఉంటాయి, పాల్ మెకార్ట్నీ వాయించిన వయొలిన్ ఆకారం హోఫ్నర్ కూడా దాదాపు అంతే. అది దొరక్కపోతే మామూలుదే తీసుకుని ఐదో ఫ్రెట్ నుంచి మొదలుపెట్టు, అక్కడ ఫ్రెట్లు దగ్గరగా ఉంటాయి. ఫ్రెట్‌కి ఒక వేలు చొప్పున సాగదీయకుండా, కింది ఫ్రెట్లలో చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలి తోడుతో చిటికెన వేలు, ఇలా మూడు ఫ్రెట్లకే సర్దుకో. డబుల్ బేస్ వాళ్లు ఎప్పటినుంచో అలాగే పట్టుకుంటారు. మణికట్టు నొప్పి పుడితే ఆపెయ్, పది నిమిషాలు ఆగి మళ్లీ పట్టుకో. రెండు నెలలయ్యాక ఎలా ఉందో నాకు రాయి.