నెలంతా చదివినదాంట్లో ఏం మిగిలిందో చూసుకోవడం ఎలా?

సిలబస్ పుస్తకాలు కాకుండా నెల రోజులు సొంతంగా చదివాను, ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే ఏమీ గుర్తులేనట్టుంది, ఇదంతా వృథాయేనా అని అడిగారు. వృథా అయితే కాదు. నేనూ విద్యార్థినే, పోయిన నెల నేను చేసింది చెప్తాను.

ఎన్ని పుస్తకాలు పూర్తయ్యాయన్న లెక్క జోలికి పోలేదు. రోజూ చదివావా లేదా అని గుర్తుచేసే యాప్‌లు ఆ లెక్కే అడుగుతాయి, దానివల్ల సన్న పుస్తకాలు ఏరుకోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. నెలాఖరున పుస్తకాలూ ఫోనూ పక్కన పెట్టి, తెల్లకాగితం మీద గుర్తున్నదంతా రాసుకుంటూ పోయాను. మొదట్లో మహా చిరాకు. పేర్లు నోటిదాకా వస్తాయి, బయటికి రావు. కాసేపు ఓపిక పడితే ఒకదాని వెనక ఒకటి అవే వస్తాయి.

ఉదాహరణకు, కలరా చరిత్ర గురించి ఒక పుస్తకం చదివాను. 1854లో లండన్‌లోని బ్రాడ్ స్ట్రీట్ చుట్టుపక్కల జనం పిట్టల్లా రాలిపోతుంటే, జాన్ స్నో అనే డాక్టర్ చనిపోయినవాళ్ల ఇళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి, వీధి పంపు నీళ్లే కారణమన్నాడు. సెప్టెంబర్ 8న ఆ పంపు హ్యాండిల్ తీసేశారు. ఇదంతా గడగడా రాసేశాను. ఆ వీధిలోనే ఉన్న బీరు తయారీ కంపెనీ పనివాళ్లు ఆ పంపు నీళ్లు ముట్టకపోవడం వల్ల బతికిపోయారన్నదీ రాశాను.

తర్వాత పుస్తకం తెరిచి పోల్చి చూస్తే, హ్యాండిల్ తీసేనాటికే కేసులు బాగా తగ్గిపోయాయని ఉంది. చాలామంది అప్పటికే ఆ పేట వదిలి పోయారు. ఈ సంగతి స్నోనే ఒప్పుకున్నాడు. నా కాగితంలో ఇది లేనే లేదు, ఆ వాక్యం కింద నేను గీసిన హైలైటర్ గీత మాత్రం పచ్చగా మెరుస్తోంది! కథను రక్తి కట్టించే ముక్కలన్నీ బుర్రలో ఉన్నాయి, కథకు అడ్డొచ్చే ముక్క జారిపోయింది. కాగితం పెట్టుకుని కూర్చోకపోతే నాకిది తెలిసేదే కాదు.

ఇంకోటి కూడా గమనించాను. దూరాన హాంప్‌స్టెడ్‌లో ఉంటూ, రుచి బాగుంటుందని ఆ పంపు నీళ్లే తెప్పించుకుని తాగి చనిపోయిన ఒక పెద్దావిడ సంగతి నాకు పొల్లుపోకుండా గుర్తుంది. చదివిన రోజే దాన్ని ఫ్రెండ్‌కి చెప్పాను మరి. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు సైకాలజిస్టులు విద్యార్థులతో ఇలాంటి ప్రయోగమే చేశారు. కొందరు పాఠాన్ని మళ్లీ చదివారు, కొందరు చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల్లో పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం ఆగి పెడితే రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. మళ్లీ చదివితే వచ్చేసినట్టే అనిపిస్తుంది, అక్కడే బోల్తా పడతాం.

కథలు, నవలలకు మాత్రం ఈ పరీక్ష పెట్టకండి. పాత్రల పేర్లు మర్చిపోతే కొంపలేమీ మునగవు.

సగంలో వదిలేసినవాటిని కూడా కాగితం మీదకు ఎక్కించండి, ఎందుకు వదిలేశారో పక్కన ఒక ముక్క రాయండి. నా దాంట్లో ‘బోర్’ అని రాసినవి తక్కువే. ఎక్కువ వాటి పక్కన ‘దీనికి ముందు తెలియాల్సింది నాకు తెలియదు’ అనే ఉంది. వచ్చే నెల ఏం చదవాలో అక్కడే తేలిపోయింది.

మీరు చదవడం ఎలాగూ అయిపోయింది కాబట్టి ఇవాళే కూర్చుని రాయండి. రాయలేక ఆగిపోయిన చోట్లు మాత్రమే పుస్తకం తీసి చూసుకోండి, మొత్తం మళ్లీ చదవక్కర్లేదు.