మిల్క్‌వీడ్ విత్తనాలు వసంతంలో చల్లితే ఎందుకు మొలవవు?

మోనార్క్ సీతాకోకచిలుకల కోసం అమెరికాలో పెంచే ప్రెయిరీ (గడ్డి మైదానాల) మొక్క బటర్‌ఫ్లై మిల్క్‌వీడ్ విత్తనాలు వసంతంలో నేరుగా చల్లితే సరిగా మొలవకపోవడానికి కారణం, వాటికి ముందుగా తడితో కూడిన చలి అందకపోవడమే. శరదృతువులో రాలిన గింజ వెంటనే మొలిస్తే లేత మొక్క మంచుకు చచ్చిపోతుంది కనుక, చలికాలం గడిచేదాకా అది నిద్రావస్థలో ఉంటుంది. ఉదాహరణకు, మార్చిలో గింజలను నీరు పిండేసిన తడి పేపర్ టవల్‌లో చుట్టి, సంచిలో పెట్టి, ఫ్రిజ్‌లో (ఫ్రీజర్‌లో కాదు) సుమారు 30 రోజులు ఉంచి, మంచు భయం తీరాక, ఎండ తగిలే, నీరు నిలవని చోట పైపైన నాటితే చాలావరకు మొలుస్తాయి. పొడి ప్యాకెట్‌ను ఫ్రిజ్‌లో పెడితే చాలుననుకోవడం తరచూ జరిగే పొరపాటు. తడి లేని చలి గింజను నిల్వ ఉంచుతుందే తప్ప నిద్ర లేపదు. జిల్లేడు కుటుంబానిదే అయినా తుంచితే పాలు కారని ఈ మొక్క, మొదటి ఏడాది బలమంతా తల్లివేరుకే పెడుతుంది. పూలు సాధారణంగా రెండో మూడో ఏడాదికి గాని రావు.