రాక్ కన్నా ముందు రేకులు

ప్రశ్న: మాది ఒడిశాలోని గుణుపురం. వయసు 31. అద్దె ఇంటి మేడ మీద రేకుల గదిలో నాలుగేళ్లుగా రికార్డింగ్ స్టూడియో నడుపుతున్నాను. తెలుగు జానపదాలు, ఒడియా భజనలు, సవర పాటలు చేస్తాను. ఏడాదికి 95 పాటల దాకా వస్తాయి, పాటకు 3,500 తీసుకుంటాను. గది అద్దె 4,000, కరెంటు 2,000. ఇంటి ఖర్చు నెలకు 17,000. పాప పుట్టి రెండేళ్లయింది. చేతిలో 2,40,000 ఉంది. 500 సిరీస్‌లో (మాడ్యూళ్లనే చిన్న పరికరాలను అరల్లో గుచ్చుకునే పద్ధతి) ఎనిమిది అరల రాక్ (85,000), నాలుగు ప్రీయాంప్‌లు (మైకు శబ్దాన్ని పెంచేవి, ఒక్కోటి 65,000), రెండు కంప్రెసర్లు (ఒక్కోటి 95,000), కేబుళ్లతో కలిపి 5,60,000కి కొటేషన్ వచ్చింది. మిగతా డబ్బుకు అమ్మ తన నగలు బ్యాంకులో పెట్టమంటోంది. నా దగ్గరున్న ఇంటర్‌ఫేస్‌కు (మైకు శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపే పెట్టె) రెండే ఇన్‌పుట్‌లు. మొన్న రెండు భజన బృందాలు అందరూ కలిసి పాడాలంటే నా దగ్గర కుదరక బరంపురం వెళ్లిపోయాయి. వానపడితే రేకుల చప్పుడుకి పని ఆపేస్తాను. జీఎస్టీ నంబరు తీసుకుంటే పన్ను తిరిగొస్తుందని షాపువాళ్లు అంటున్నారు. కొనమంటారా?

జవాబు: ఇప్పుడు కొనవద్దు. అమ్మగారి నగలు అసలు కదిలించవద్దు. మీరు కోరుకున్న పరికరాలు మంచివే, వాటి మీద మీ మోజు కూడా న్యాయమైనదే. కానీ మీ ఉత్తరంలో చివర రెండు ముక్కల్లో చెప్పేసిన సంగతుల్లోనే మీ అసలు నష్టం ఉంది. బృందాలు తిరిగి వెళ్లిపోవడం ఒకటి, వానకు పని ఆగడం ఇంకొకటి. ఈ కొటేషన్‌లోని ఏ పరికరమూ ఈ రెంటినీ ఆపదు.

ముందు అప్పు లెక్క. 95 పాటలకు ఏడాదికి 3,32,500. అద్దె, కరెంటు 72,000 పోతే 2,60,500. అంటే నెలకు 21,700. ఇంటి ఖర్చు తీశాక మిగిలేది 4,700. 3,20,000 బంగారం రుణానికి వడ్డీ 10 శాతమే అనుకుందాం. మిగిలిన 4,700 నెలనెలా మొత్తం కట్టినా అది తీరడానికి ఎనిమిదేళ్లు దాటుతుంది. బంగారం రుణాలు మామూలుగా ఏడాదిలో తీర్చాలి, లేదా వడ్డీ కట్టి తిరగరాయాలి. పాప స్కూలుకెళ్లే వయసు వచ్చినా నగలు బ్యాంకు లాకర్‌లోనే ఉంటాయి. మధ్యలో ఒక సీజన్ తప్పితే వేలం నోటీసు వస్తుంది.

"పరికరాలు వస్తే రాబడి పెరుగుతుంది కదా" అంటారు. అదీ చూద్దాం. మంచి ప్రీయాంప్ ఉందని పాటకు 500 ఎక్కువ తీసుకోగలరనుకుందాం. 65,000 రాబట్టడానికి 130 పాటలు కావాలి. అది ఒక్క ప్రీయాంప్‌కే. 95,000 కంప్రెసర్‌కు 190 పాటలు, అంటే నిండా రెండేళ్లు. పైగా ఆ 500 పాటకు ఒక్కసారే వస్తుంది, అరలో ఎన్ని మాడ్యూళ్లుంటే అన్ని 500లు రావు. గుణుపురంలో పాడించుకోవడానికి వచ్చేవాళ్లు అర లోపల ఏముందో చూసి డబ్బివ్వరు. మాట స్పష్టంగా వినిపించిందా, పండగకు ముందు చేతికొచ్చిందా అని చూస్తారు.

ఇక పరికరాల సంగతి. ఈ 500 సిరీస్ అమెరికాలోని ఏపీఐ కంపెనీ తన మిక్సింగ్ కన్సోళ్ల కోసం చేసుకున్న మాడ్యూళ్ల నుంచి వచ్చింది. 2006లో వీపీఆర్ అలయన్స్ పేరుతో కొలతలు, కరెంటు నియమాలు ఖాయం చేశారు. ఒక అర వెడల్పు ఒకటిన్నర అంగుళం, ఎత్తు ఐదుంపావు. రాక్‌లోని పవర్ సప్లయి ప్రతి అరకూ ప్లస్, మైనస్ 16 వోల్టులు ఇస్తుంది, కండెన్సర్ మైకుకు కావలసిన 48 వోల్టులు వేరుగా ఇస్తుంది. ఒక్కో అరకు 130 మిల్లీయాంపులు పరిమితి. కొన్ని మాడ్యూళ్లు దానికన్నా ఎక్కువ తాగుతాయి, కొన్ని రెండు అరలు పట్టేస్తాయి. ఎప్పుడు కొన్నా అన్ని మాడ్యూళ్ల కరెంటు కూడి, రాక్ ఇవ్వగలిగినదాంతో పోల్చి చూసుకోండి.

ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చే గుణం ఒకటుంది: ఒక్కొక్కటిగా కొనుక్కోవచ్చు. ఒక కంపెనీ రాక్‌లో ఇంకో కంపెనీ మాడ్యూల్ సరిపోతుంది కాబట్టి నచ్చకపోతే అమ్మడం కూడా తేలిక. చిన్న సంపాదన ఉన్నవాళ్లకు ఇది వరం లాంటిది. మీరేమో ఆ వరాన్ని వదిలేసి ఆరు మాడ్యూళ్లూ ఒకేసారి, అదీ అప్పు మీద తెద్దామంటున్నారు.

ఇంకో మాట, కొటేషన్ ఇచ్చినవాళ్లు మీకు చెప్పి ఉండాల్సింది. నాలుగు ప్రీయాంప్‌లు కొన్నా కంప్యూటర్‌లోకి వెళ్లే దారులు మీకు రెండే. మిగతా రెండూ అరలో ఊరికే వెలుగుతూ కూర్చుంటాయి. వాడుకునే రెంటినైనా మైక్ ఇన్‌పుట్‌లో గుచ్చకూడదు, లైన్ ఇన్‌పుట్‌లోకే వెళ్లాలి. లేకపోతే ఒక ప్రీయాంప్ మీద ఇంకో ప్రీయాంప్ ఎక్కి, పెట్టిన డబ్బు వినిపించదు.

మీకు ముందు కావలసింది ఎనిమిది మైక్ ఇన్‌పుట్‌లున్న ఇంటర్‌ఫేస్. ఎనిమిది ప్రీయాంప్‌లు దాని లోపలే ఉంటాయి. యాభై, అరవై వేల మధ్య మంచివి దొరుకుతాయి. హార్మోనియానికి ఒకటి, తబలాకు రెండు, ముందు పాడేవారికి ఒకటి, వెనక అందుకునేవారికి రెండు మైకులు పెట్టండి, బృందం మొత్తం ఒకేసారి పాడుతుంది. భజన పాడేవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ పాడాలి. విడివిడిగా పాడిస్తే ఆ ఊపు రాదు. అలాంటి సిట్టింగుకు 9,000 అడగడం తప్పేమీ కాదు.

కంప్రెసర్ ఇప్పుడు వద్దంటున్నానంటే దానికీ కారణముంది. పాడేవారు హఠాత్తుగా గొంతెత్తినప్పుడు దాన్ని అదుపు చేయడం దాని పని. రికార్డు చేసేటప్పుడే దాన్ని వాడితే ఆ నొక్కుడు పాటలో ముద్రపడిపోతుంది, తర్వాత తీయలేరు. అదే పని మిక్సింగ్‌లో ప్లగిన్‌తో (కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్‌తో) చేస్తే నచ్చనప్పుడు మార్చుకోవచ్చు. 24 బిట్‌లో రికార్డు చేస్తూ, పెద్ద గొంతుకు కూడా మీటరు మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా గెయిన్ (మైకు శబ్దం పెంచే స్థాయి) తగ్గించి పెట్టుకోండి. కోరస్ ఎంత గట్టిగా అందుకున్నా పగలదు. 1,90,000 మిగులుతుంది.

ఇక రేకులు. మంచి ప్రీయాంప్ గొంతును ఎంత పెంచుతుందో వాన చప్పుడునూ అంతే పెంచుతుంది. రేకుల కింద ఫ్రేము కట్టి, గ్లాస్‌వూల్ పరిచి, రెండు పొరల జిప్సం బోర్డు వేయించండి. కుండపోతను అది పూర్తిగా ఆపలేదు కానీ మామూలు వానలో పని సాగుతుంది, వేసవిలో వేడీ తగ్గుతుంది. దీనికి 50,000 అనుకోండి. ఇల్లు అద్దెది కాబట్టి మేస్త్రీని పిలిచే ముందు యజమానితో కూర్చోండి. 11 నెలల కాగితం చాలదు. కనీసం మూడేళ్లకు రాయించి రిజిస్టర్ చేయించండి, ఖర్చులో కొంత అద్దెలో తగ్గించమని అడగండి. ఒప్పుకోకపోతే ఆ డబ్బు ఆ కప్పు మీద పెట్టవద్దు, వేరే గది వెతకండి.

కరెంటు విషయం కూడా చెప్పాలి. పోయిన వేసవిలో రాయగడలో నా సలహా తీసుకునే ఒకాయన స్టూడియోకు వెళ్లాను. హెడ్‌ఫోన్స్ నా చెవులకు పెట్టి "వినండి సార్" అన్నారు. ఎవరూ పాడటం లేదు, అయినా లోపల సన్నగా తుమ్మెద రొద. దాని కోసం అప్పటికే రెండు ప్రీయాంప్‌లు మార్చారట. చివరికి ఎలక్ట్రీషియన్ వచ్చి పెరట్లో ఎర్త్ గుంత మూత తీస్తే తీగ తుప్పు పట్టి ఊడి ఉంది. తీగ మార్చాక రొద పోయింది, రెండు ప్రీయాంప్‌ల మీద పోసిన డబ్బు మాత్రం తిరిగి రాలేదు. మీరు ముందే ఎర్త్ చూపించుకోండి. ఒక ఆన్‌లైన్ యూపీఎస్‌కు (కరెంటును ఎప్పుడూ తన ద్వారానే నిలకడగా ఇచ్చే రకం) 15,000 పెట్టండి.

ఇప్పుడు మీ 2,40,000 సర్దుదాం. ఐదు నెలల ఇంటి ఖర్చు 85,000 ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసి, స్టూడియో కోసం ముట్టుకోనని ఇంట్లో మాటివ్వండి. ఆరోగ్య బీమాకు 15,000. ఒడిశాలో ఇచ్చే ఆయుష్మాన్–గోపబంధు ఆరోగ్య కార్డు ఉంటే కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం అందుతుంది, ఇంట్లో అందరి పేర్లూ అందులో ఉన్నాయో లేదో చూసుకుని ఆ తర్వాతే ప్రీమియం కట్టండి. మిగిలిన 1,40,000లో కప్పుకు 50,000, ఇంటర్‌ఫేస్‌కు 55,000, యూపీఎస్‌కు 15,000. చివరి 20,000తో మైకులు, స్టాండ్లు. అప్పు లేదు.

జీఎస్టీ గురించి షాపువాళ్లు చెప్పింది సగమే. 5,60,000లో పన్ను 85,000 దాకా ఉంటుంది, నంబరు ఉంటే దాన్ని క్రెడిట్‌గా వాడుకోవచ్చు, నిజమే. కానీ అప్పటి నుంచి మీ ప్రతి బిల్లు మీద 18 శాతం వేయాలి. 3,500 పాట 4,130 అవుతుంది. రిటర్నులు వేయడానికి ఖర్చు వేరే. సేవలకు 20 లక్షల టర్నోవర్ దాకా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, మీరు దానికి చాలా దూరంలో ఉన్నారు. చిన్న వ్యాపారాలకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ మాత్రం ఇప్పుడే చేయించుకోండి, అది ఉచితం. రేపు ఎప్పుడైనా రుణం కావాలంటే తాకట్టు లేని ముద్రా రుణానికి వెళ్లవచ్చు, నగల దాకా పోనక్కర్లేదు.

ప్రీయాంప్ మీద ఆశ వదులుకోమనడం లేదు. ఈరోజు నుంచి ప్రతి పాటకూ 500 వేరే ఖాతాలో వేయండి, ఏడాదికి 47,500. తిరిగి వెళ్లిపోయేవాళ్లలో ఆరు బృందాలు మీ దగ్గర ఆగినా 54,000. కలిపితే 1,01,500. దాంతో మూడు అరల చిన్న రాక్, ఒక్క ప్రీయాంప్ కొనండి. కొనే ముందు మీ మైకు పట్టుకుని విశాఖ వెళ్లి, మీ దగ్గర తరచూ పాడే గొంతుతోనే పాడించి వినండి. చవక కండెన్సర్ మైకుల్లో పై స్వరాలు గుచ్చుకుంటాయి కాబట్టి, హెచ్చు శ్రుతిలో పాడే జానపద గొంతులకు నేనైతే పేరున్న ప్రీయాంప్ నీవ్ 1073 తరహా బరువైన ధ్వనిని ముందు విని చూస్తాను. డప్పు, డోలు పని ఎక్కువైతే ఏపీఐ 512 ప్రీయాంప్ తరహా. దుబాయ్ నుంచో ఇంకెక్కడి నుంచో ఎవరైనా తెస్తామన్నా, ఇక్కడ వారంటీ లేని మాడ్యూల్ తీసుకోవద్దు.

యజమాని మూడేళ్లకు ఒప్పుకుంటే కప్పు పని జూన్ రాకముందే ముగించండి. ఒప్పుకోకపోతే ఇంటర్‌ఫేస్ మాత్రం కొని, కొత్త గది అద్దె ఎంత చెబుతున్నారో నాకు రాయండి, అప్పుడు లెక్క మళ్లీ వేద్దాం.