నిర్వచనం ఏదైనా సరే, ఫిర్యాదులు చూసే పద్ధతి ముందు తేల్చుకోండి

మీ ప్రశ్న: బ్రిటన్‌లో మా యూనియన్ బ్రాంచికి యూదు ద్వేషంపై నియమం రాస్తున్నాం. ఐహెచ్‌ఆర్‌ఏ (హోలోకాస్ట్ స్మృతి కోసం ఏర్పడ్డ అంతర్జాతీయ కూటమి) నిర్వచనం మేలా, దానికి బదులుగా పండితులు రాసిన జెరూసలేం డిక్లరేషనా? అలాంటి మాట అన్నది మనవాళ్ళే అయితే ఏం చేయాలి?

నిర్వచనం దగ్గరే నెలలు గడిపేయకండి. బ్రిటన్ లేబర్ పార్టీ 2018 జూలైలో ఐహెచ్‌ఆర్‌ఏ నిర్వచనంతో పాటు ఇచ్చిన ఉదాహరణలు కొన్ని మార్చి సొంత నియమావళి రాసుకుంది. గొడవయ్యాక సెప్టెంబరులో మొత్తం 11 ఉదాహరణలూ ఒప్పుకుంది. తీరా 2020 అక్టోబరులో ఆ పార్టీపై బ్రిటన్ సమానత్వ, మానవ హక్కుల కమిషన్ నివేదిక వచ్చాక చూస్తే, పార్టీ ప్రధానంగా దొరికిపోయింది ఫిర్యాదుల విచారణలో. పరిశీలించిన 70 ఫైళ్ళలో పార్టీ నాయకుడి ఆఫీసువాళ్ళూ మరికొందరూ 23 సందర్భాల్లో వేలుపెట్టారు. విచారించేవాళ్ళకి సరైన శిక్షణ లేదు. కమిషన్ కొలబద్దగా తీసుకున్నది 2010 సమానత్వ చట్టాన్ని.

ఇక నిర్వచనాలు. 2016 నాటి ఐహెచ్‌ఆర్‌ఏ పాఠాన్ని చాలామంది సగమే చదువుతారు. ఉదాహరణలకు ముందు 'మొత్తం సందర్భాన్ని బట్టి కావచ్చు' అనే షరతు ఉంది. ఏ దేశాన్నయినా విమర్శించినట్టే ఇజ్రాయెల్‌ని విమర్శిస్తే అది యూదు ద్వేషం కాదనీ ఉంది. ఆ రెండూ కోసేసి అతికించుకుంటే పేచీ తప్పదు. 2021 జెరూసలేం డిక్లరేషన్‌లో 15 మార్గదర్శకాలున్నాయి. ఇజ్రాయెల్‌ని బహిష్కరించాలన్న పిలుపు దానంతటదే యూదు ద్వేషం కాదని అది స్పష్టంగా చెబుతుంది. యూనియన్‌కి నేనైతే దీన్నే ఎంచుకుంటాను.

'గాజాకి తిండి ఆపింది ఇజ్రాయెల్ ప్రభుత్వం' అంటే ఒక ప్రభుత్వం చేసిన పని మీద ఆరోపణ. 'బ్యాంకులూ పత్రికలూ జియోనిస్టుల గుప్పిట్లో ఉన్నాయి' అంటే, యూదుల మీద వేసిన పాత అపవాదే 'జియోనిస్టులు' (యూదు దేశాన్ని సమర్థించేవాళ్ళు) అని పేరు మార్చుకొచ్చింది. ఈ రెండోది ఎవరైనా పట్టేస్తారు. మంచి కార్యకర్తలు జారేది మరోచోట: మీటింగులో యూదు సభ్యురాలు పింఛన్ల గురించి లేస్తే, 'ముందు ఇజ్రాయెల్‌ని ఖండించమ్మా, తర్వాత మాట్లాడుదువుగాని' అనడం. ఇలా అడగడం తప్పని డిక్లరేషన్ నేరుగానే చెబుతుంది.

మనవాళ్ళ మీద ఫిర్యాదొస్తే అన్న మాటలు ఉన్నవున్నట్టు, తేదీతో రాసి, పేరు కొట్టేసి ఇద్దరికి చూపించండి. వారిలో ఒకరు బయటి బ్రాంచివారై ఉండాలి. కార్యదర్శి ఫైలు ముట్టుకోకూడదు. 'జీవితమంతా జాతివివక్ష మీద పోరాడినవాడండీ' అన్నది తప్పు జరిగిందా లేదా అన్న దగ్గర పనికిరాదు, శిక్ష దగ్గర చూడొచ్చు. 'మా యూదు మిత్రుడికే అభ్యంతరం లేదు' అన్నదీ అంతే. ముస్లిం ద్వేషంపై ఫిర్యాదొచ్చినా ఇదే ఫారం, ఇదే గడువు పెట్టండి. లేకపోతే తర్వాతి గొడవ అక్కడే మొదలవుతుంది.