డిసెంబర్‌లో అమ్మానాన్నలతో గ్రాండ్ కాన్యన్: దారిలో రూట్ 66 ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ దిగాలి?

మీరు అడిగింది ఇదీ: డిసెంబర్ ఆఖర్లో ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకుని లాస్ ఏంజెలెస్ నుంచి గ్రాండ్ కాన్యన్‌కు కారులో వెళ్తున్నారు. రూట్ 66 అనే పాత హైవే మీదుగా వెళ్తే టైమ్ దండగా? వెళ్తే ఏ భాగం చూడాలి?

మొత్తం చూడాలని మాత్రం పెట్టుకోకండి. కాలిఫోర్నియా దాటి అరిజోనాలో అడుగుపెట్టగానే టోపాక్ దగ్గర ఎక్కి ఓట్‌మన్, కింగ్‌మన్, పీచ్ స్ప్రింగ్స్ మీదుగా సెలిగ్‌మన్ దాకా వెళ్లండి. ఒక పగలు పూర్తిగా దానికే ఇవ్వండి. మిగతాదంతా ఫ్రీవే మీద కొట్టేయొచ్చు. మేం ఉండేది అర్వైన్‌లో. ఇండియా నుంచి ఎవరొచ్చినా గ్రాండ్ కాన్యన్ చూపించి పంపడం మా ఇంట్లో ఆనవాయితీ కాబట్టి ఈ దారి మాకు బాగా అలవాటు.

ఆ ముక్కే ఎందుకంటే, ఇప్పుడు రూట్ 66 ఒకే రోడ్డుగా లేదు. 1926లో షికాగో నుంచి లాస్ ఏంజెలెస్ వైపు మొదలై, తర్వాత శాంటా మోనికా దాకా సాగిన ఈ దారి దాదాపు 2,400 మైళ్లు ఉండేది. 1930లలో దుమ్ము తుఫాన్లకు పొలాలు పోయిన ఓక్లహోమా, టెక్సాస్ రైతులు పాత కార్ల మీద పరుపులు, గిన్నెలు కట్టుకుని పడమటికి వచ్చింది దీని మీదే. 1956 చట్టంతో ఇంటర్‌స్టేట్‌లు, అంటే రాష్ట్రాలను కలిపే పెద్ద ఫ్రీవేలు, మొదలయ్యాయి. ఒక్కో ఊరినీ పక్కకు నెట్టుకుంటూ పోయి, 1985కల్లా రూట్ 66ను అధికారిక జాబితాలోంచే తీసేశారు. ఇంటర్‌స్టేట్ పాత రోడ్డు పక్కనే వేసిన చోట ఇప్పుడు చూడటానికి పెద్దగా ఏమీ లేదు, లారీల హోరు తప్ప. ఇంటర్‌స్టేట్ వేరే దారి పట్టిన చోట మాత్రం పాతది అలాగే మిగిలిపోయింది. మ్యాప్ తెరిచి చూడండి. టోపాక్, కింగ్‌మన్ మధ్య ఐ-40, అంటే ఇంటర్‌స్టేట్ 40, బ్లాక్ మౌంటెన్స్‌ను చుట్టి వెళ్తుంది, పాత రోడ్డు కొండ ఎక్కి దిగుతుంది. కింగ్‌మన్ తర్వాత ఐ-40 అడ్డంగా కోసుకుని పోతుంది, పాత రోడ్డు రైలు పట్టాల వెంట ఉత్తరానికి విల్లులా వంగి వెళ్తుంది. ఈ రెండూ కలిసి అరిజోనాలో ఎక్కడా తెగకుండా దాదాపు 160 మైళ్లు మిగిలాయి. రూట్ 66 మొత్తం మీద ఇంత పొడుగు ముక్క ఇంకోటి లేదు.

ఇక ప్లాన్. మొదటి రోజు మధ్యాహ్నం బయల్దేరి రాత్రికి నీడిల్స్‌లోనో లాఫ్లిన్‌లోనో ఆగండి. నీడిల్స్‌లో పెట్రోలు పోయించకండి, వంతెన దాటి అరిజోనాలోకి వెళ్తే గ్యాలన్‌కు చెప్పుకోదగ్గ తేడా ఉంటుంది. ఇంకో సంగతి, అరిజోనాలో గడియారాలు ముందుకూ వెనక్కూ తిప్పరు. అందుకే ఎండాకాలంలో కాలిఫోర్నియా టైమే అక్కడా ఉంటుంది, డిసెంబర్‌లో మాత్రం గంట ముందుంటుంది. నది దాటగానే మీ పగల్లో గంట ఎగిరిపోతుందన్నమాట. అందుకే పొద్దున్నే కదలమంటాను.

ఐ-40 మీద అరిజోనాలో మొట్టమొదటి ఎగ్జిట్టే టోపాక్. అక్కడ కొలరాడో నది మీద తెల్లటి ఆర్చ్ వంతెన ఒకటి కనిపిస్తుంది. 1916లో కట్టింది. మొదట్లో రూట్ 66 కార్లు దాని మీదుగానే నది దాటేవి, ఇప్పుడు గ్యాస్ పైపులైన్ మోస్తోంది. రోడ్డు మీంచే చూసి ముందుకు పోండి. ఇక్కడి నుంచి మీ ఫోన్‌లోని మ్యాప్ మిమ్మల్ని మళ్లీ ఐ-40కి లాగడానికే చూస్తుంది. ఓట్‌మన్‌ను, తర్వాత పీచ్ స్ప్రింగ్స్‌ను మధ్యలో స్టాపులుగా పెట్టుకుంటే ఆ గొడవ ఉండదు. కొండల్లో సిగ్నల్ దొరకదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

ఓట్‌మన్ ఒకప్పటి బంగారు గనుల ఊరు. 1942లో యుద్ధానికి అక్కరలేదని ప్రభుత్వం బంగారు గనులు ఆపించింది. 1950ల మొదట్లో కొత్త రోడ్డు కొండను తప్పించి పోవడంతో ఊరికి దారిన పోయే కార్ల ఆదరువు కూడా పోయింది. ఇప్పుడు ఊరు బతుకుతున్నది గాడిదల మీద. గనుల వాళ్లు వదిలేసి పోయిన గాడిదల సంతతి చుట్టుపక్కల కొండల్లో అడవి గాడిదలుగా తిరుగుతూ, పగలంతా ఒకే ఒక్క వీధిలో కార్లకు అడ్డం నిలబడుతుంది. కారు అద్దం దించితే చాలు, తల లోపలికి పెట్టేస్తాయి. మా అమ్మ ఒళ్లో ఉన్న జంతికల డబ్బా మీదికి ఒకటి మూతి చాచింది. ఆవిడ డబ్బా గుండెలకు హత్తుకుని "పో, పో" అంటుంటే అది చెవులు కూడా కదపలేదు. గాడిద పిల్లల నుదుటి మీద "నాకు ఏమీ పెట్టొద్దు" అని స్టిక్కర్ అంటించి ఉంటుంది, దాన్ని గౌరవించండి. పెద్దవాటికి కూడా క్యారెట్లు, బిస్కెట్లు పెట్టకూడదు. అక్కడి షాపుల్లో ఎండు గడ్డి ముక్కలు అమ్ముతారు, పెట్టాలనిపిస్తే అవే. సాయంత్రానికి గాడిదలు కొండెక్కేస్తాయి, షాపులూ పెందలాడే మూసేస్తారు. మధ్యాహ్నం మూడింటికి వెళ్లి ఏముందిక్కడ అనుకునేవాళ్లను చాలామందిని చూశాను.

ఓట్‌మన్ దాటాక అసలు రోడ్డు. సిట్‌గ్రీవ్స్ పాస్ ఎత్తు సుమారు 3,500 అడుగులు. అంకెగా చూస్తే పెద్దది కాదు గానీ, రెండే లేన్లు, ఇరుకు మలుపులు, చాలాచోట్ల అంచున రెయిలింగ్ ఉండదు. మా ఆయన నడుపుతున్నారు. అమ్మ వెనక సీట్లోంచి నా భుజం తట్టి, "తిరుమల ఘాట్‌లో అయినా పిట్టగోడ ఉంటుందే. అల్లుడు గారిని కాస్త మెల్లగా పోనిమ్మను" అని చెవిలో చెప్పింది. అప్పటికి మేం పోతున్నది ఇరవై మైళ్ల స్పీడే. పాతకాలం ఫోర్డ్ మోడల్ టీ కార్లలో పంపు లేకుండా పెట్రోలు తనంతట తానే ఇంజిన్‌లోకి జారేది. నిటారు ఎక్కుడులో అది అందేది కాదు. అందుకని కొందరు ఇలాంటి కొండల మీదికి కారును రివర్స్‌లో ఎక్కించేవారు. 40 అడుగులు మించిన బండ్లను ఇప్పటికీ ఈ రోడ్డు మీదికి రానివ్వరు. అద్దెకు ఆర్‌వీ (లోపలే పడుకునే వీలున్న పెద్ద బండి) తీసుకునే ఆలోచన ఉంటే దాని పొడుగు చూసుకోండి. తల తిరిగే అలవాటున్న వాళ్లను ముందు సీట్లో కూర్చోబెట్టండి. పైన ఆగి వెనక్కి చూస్తే మీరొచ్చిన లోయ, నది వైపు పొరలు పొరలుగా కొండలు కనిపిస్తాయి. నా మట్టుకు మొత్తం ట్రిప్‌లో గ్రాండ్ కాన్యన్ తర్వాత చెప్పుకోవలసిన చోటు ఇదే.

కింగ్‌మన్‌లో మధ్యాహ్నం భోజనం. పాత పవర్‌హౌస్ భవనంలో రూట్ 66 మ్యూజియం ఉంది. పెద్దవాళ్లు కాళ్లు చాపుకోవడానికి, బాత్‌రూమ్‌లకు కూడా అది మంచి మజిలీ. మీరు ఈ ఊళ్లో రాత్రి ఆగాలనుకుంటే మోటెల్ కౌంటర్ దగ్గర గుజరాతీ కుటుంబం కనిపిస్తే ఆశ్చర్యపోకండి. అమెరికాలో చిన్న మోటెళ్లు చాలావరకు వాళ్లవే, ఈ దారిలోనూ అంతే. మా నాన్న తన హిందీ అంతా బయటికి తీసి వాళ్లతో గంటసేపు కూర్చున్నారు. మాకు వేడివేడి చాయ్ కూడా దొరికింది.

ఒక హెచ్చరిక. కింగ్‌మన్ నుంచి "గ్రాండ్ కాన్యన్ వెస్ట్" అని బోర్డులు కనిపిస్తాయి. గాజు వంతెన, అదే స్కైవాక్, ఉన్నది అక్కడ. అది నేషనల్ పార్క్ కాదు, వాలపాయ్ తెగవాళ్ల సొంత నేల, టికెట్ కూడా వాళ్లదే. నేషనల్ పార్క్ పాస్ అక్కడ చెల్లదు. మీరు వెళ్తున్న సౌత్ రిమ్, అంటే నేషనల్ పార్క్‌లోని దక్షిణపు అంచు, వేరు. రెండూ ఒకే రోజు పెట్టుకోవద్దు.

కింగ్‌మన్ నుంచి సెలిగ్‌మన్ దాకా పాత రోడ్డు మీద దాదాపు 87 మైళ్లు. ఇక్కడ కొండల్లేవు, విశాలమైన లోయ, పసుప్పచ్చ గడ్డి, పక్కనే రైలు పట్టాలు. హ్యాక్‌బెరీలో పాత జనరల్ స్టోర్, దాని ముందు తుప్పుపట్టిన కార్లు, పెట్రోలు పంపులు ఉంటాయి. అందరూ ఫోటోలు దిగేది అక్కడే. మా నాన్న కాజీపేట లోకో షెడ్‌లో చేసి రిటైరయ్యారు. ఆయనకు ఆ స్టోర్ పట్టనేలేదు. ఒకదాని మీద ఒకటి పేర్చిన కంటైనర్లతో గూడ్స్ బండి వస్తుంటే రోడ్డు పక్కన నిలబడి, ముందు ఎన్ని ఇంజిన్లు, మధ్యలో ఎన్ని, వెనక ఎన్ని అని లెక్కపెట్టుకుంటూ ఆఖరి పెట్టె పోయేదాకా కదల్లేదు. ఆ మర్నాడు గ్రాండ్ కాన్యన్ ముందు నిలబడి కూడా ఆ బండి గురించే మాట్లాడారు. పీచ్ స్ప్రింగ్స్ వాలపాయ్ వాళ్ల ముఖ్య పట్టణం. అక్కడ ఊరివాళ్లను అడగకుండా ఫోటోలు తీయకండి. ఆ తర్వాత రోడ్డు పక్కన ఎర్ర రంగు బుల్లి బోర్డులు వరసగా వస్తాయి. ఒకప్పటి షేవింగ్ క్రీం ప్రకటనల తీరులో పద్యంలో ఒక్కో ముక్క ఒక్కో బోర్డు మీద ఉంటుంది. ఇవి తర్వాత పెట్టినవే అయినా, వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లల్ని లేపడానికి పనికొస్తాయి.

సెలిగ్‌మన్‌ను తప్పించి పోయే ఐ-40 తెరిచింది 1978 సెప్టెంబర్ 22న. ఊరి మెయిన్ రోడ్డు మీద కార్లు ఆ రోజే ఆగిపోయాయి. అక్కడి మంగలి ఏంజెల్ డెల్గడిల్లో ఊరుకోలేదు. ఊరివాళ్లను కూడగట్టి 1987లో ఒక సంఘం పెట్టి, రాష్ట్ర ప్రభుత్వం వెంటపడి సెలిగ్‌మన్–కింగ్‌మన్ రోడ్డుకు చారిత్రక రహదారి గుర్తింపు తెప్పించారు. మిగతా రాష్ట్రాలు ఆ తర్వాత ఆ దారి పట్టాయి. ఆయన క్షవరం కుర్చీ ఇప్పటికీ ఆ షాపులో ఉంది, చుట్టూ మాత్రం టీషర్టులు, అయస్కాంతాలు. బంధువులకు పంచడానికి ఏవైనా కొనాలంటే అక్కడే కొనేయండి, గ్రాండ్ కాన్యన్ షాపుల కంటే నాకు అక్కడి సరుకే నచ్చింది.

కాలిఫోర్నియా ఎడారిలో రూట్ 66 మీదున్న ఆంబాయ్ గురించి కూడా మీరు విని ఉంటారు. రాయ్స్ మోటెల్ పెద్ద బోర్డు, నల్లటి అగ్నిపర్వతం ఫోటోలు ఆ ఊరివే. డిసెంబర్‌లో ఎండ బాధ ఉండదు. లడ్లో దగ్గర ఐ-40 దిగితే 28 మైళ్లు. కానీ వాగుల మీద ఉన్న పాత చెక్క వంతెనలు ఆకస్మిక వరదలకు దెబ్బతిని కొన్ని ముక్కలు మూసి ఉంటాయి. ముందురోజు కౌంటీ రోడ్ల సమాచారం చూసుకుని, తెరిచి ఉంటేనే వెళ్లండి. బోర్డు చూడటానికే అయితే పెద్దవాళ్లను అంత దూరం తిప్పడం నాకిష్టం లేదు, మీ ఇష్టం. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అయితే అటు తొంగి కూడా చూడొద్దనే చెప్తాను.

తిరుగు ప్రయాణంలో కాలిఫోర్నియాలోకి వచ్చేటప్పుడు నీడిల్స్ దగ్గర వ్యవసాయ శాఖ చెక్‌పోస్ట్ ఉంటుంది. పళ్లు, మొక్కలు ఉన్నాయా అని అడుగుతారు. దారిలో వండుకోవడానికి పచ్చి కరివేపాకు పట్టుకుపోయే అలవాటుంటే మిగిలింది అరిజోనాలోనే వదిలేయండి. కరివేప కూడా నిమ్మ, నారింజల కుటుంబమే. దాని మీద చేరే పురుగు ఆ తోటలకు చేటని వాళ్లకు భయం.

సెలిగ్‌మన్ చేరేసరికి పొద్దు వాలుతుంటుంది. అక్కడి నుంచి విలియమ్స్‌కు వెళ్లి రాత్రికి ఆగిపోండి. సౌత్ రిమ్ ఇంకో 60 మైళ్లే కదా అని చీకట్లో బయల్దేరొద్దు. ఆ రోడ్డు మీదికి ఎల్క్‌లు (భారీ జింకలు) వస్తాయి, గాడిదల్లా తాపీగా కాదు. పైగా పొద్దున మీరు బయల్దేరిన నీడిల్స్ సముద్ర మట్టానికి 500 అడుగుల ఎత్తులో ఉంటే విలియమ్స్, సౌత్ రిమ్ దాదాపు 7,000 అడుగుల మీద ఉన్నాయి. డిసెంబర్‌లో మంచు ఎప్పుడైనా పడొచ్చు. కోట్లు, మంకీ క్యాప్‌లు డిక్కీలో సూట్‌కేసుల అడుగున కాకుండా సీట్ల మీదే ఉంచుకోండి. రిమ్‌కు వెళ్లే ముందు పొద్దున్నే రోడ్డు పరిస్థితి ఒకసారి చూసుకోండి.