ప్లాటినం మీద సీఓ టీపీడీలో రెండు పీకులు: 28ని ఎంతవరకు నమ్మాలి?

నల్లగొండ నుంచి రీసెర్చిలో చేరిన తమ్ముడి ప్రశ్న ఇది: ప్లాటినం (111) క్రిస్టల్‌కు (111 అంటే అణువులు దగ్గరగా అమరిన ముఖం) కార్బన్ మోనాక్సైడ్ (సీఓ) పట్టించి, క్రమంగా వేడిచేస్తూ ఊడే వాయువును కొలిస్తే (దీన్నే టీపీడీ అంటారు), అణువులను బరువును బట్టి గుర్తించే మాస్ స్పెక్‌లో, సీఓ బరువైన 28 దగ్గర ఒక్క పీకుకు బదులు రెండొస్తున్నాయి, పీకు లేనిచోటి అడుగు గీత, అంటే బేస్‌లైన్, కూడా పైకి పోతోంది. ఎందుకు?

28 ఒక్కటే చూస్తే ఏదీ తేలదు తమ్మీ. నైట్రోజన్ కూడా అక్కడే కూర్చుంటుంది. 12, 14, 28, 32, 44 బరువులు ఐదూ కలిపి తీయి; అణువులు మాస్ స్పెక్‌లో విరిగి చిన్న ముక్కలుగా కూడా కనిపిస్తాయి. 28తో పాటు 12 లేస్తే సీఓ. 14 లేస్తే నైట్రోజన్, అంటే ఎక్కడో లీకు. కార్బన్ డయాక్సైడ్ విరిగినా 28 వస్తుంది, 44 ఎత్తులో సుమారు పదోవంతు. అది తీసేయాలి. డబ్బులుంటే కార్బన్-13 సీఓ కొను, 29 దగ్గర ఈ రద్దీ ఉండదు. ఒక్కో మాస్‌కు 100 మిల్లీసెకన్లు పెడితే ఐదింటికి అర సెకను. సెకనుకు 2 కెల్విన్ వేడిచేస్తే కెల్విన్‌కో చుట్టు. అది చాలు.

రెండో పీకు ఎక్కడిదో తేల్చాలంటే క్రిస్టల్‌ను మాస్ స్పెక్ వైపు నుంచి పక్కకు తిప్పి మళ్లీ వేడిచెయ్యి. బాగా తగ్గిపోతే అది క్రిస్టల్‌దే. అట్లనే ఉంటే క్రిస్టల్‌ను పట్టుకున్న టాంటలం తీగలది, హోల్డర్‌ది. నా లెక్కన అనుమానం ముందు తీగల మీదే పెట్టాలి. అయితే పీకుకు ఎక్కువ ఉష్ణోగ్రత వైపున్న భుజంలాంటి ఉబ్బు, చిన్న డోసులోనే (కొద్దిగా సీఓ పట్టించినప్పుడే) ముందు నిండితే, నిజమైనదే: ఉపరితలం మీది అణువుల మెట్ల దగ్గర సీఓ గట్టిగా పట్టుకుంటుంది.

తీగల గోల పోవాలంటే మాస్ స్పెక్ ముందుభాగమైన అయనైజర్‌కు (వాయువును అయాన్లుగా మార్చేది) మూత తొడిగి, క్రిస్టల్ కన్నా చిన్న రంధ్రం పెట్టి, క్రిస్టల్‌ను ఒకటి రెండు మిల్లీమీటర్ల దగ్గరికి తేవాలి. అంత దగ్గరికొస్తే అయనైజర్‌లోని ఫిలమెంట్ (వేడి తీగ) ఎలక్ట్రాన్లే సీఓను ఊడగొడతాయి. క్రిస్టల్‌కు మైనస్ 100 వోల్టుల దాకా వోల్టేజీ (బయాస్) ఇస్తే అవి దరికి రావు. ఫిలమెంట్‌ను మాత్రం గంట ముందే వెలిగించు. చల్లటిది అప్పుడే వెలిగిస్తే అదే సీఓ కక్కుతుంది, బేస్‌లైన్ పాకుతుంది.

ఇంకో దొంగ సిలిండర్. ఉక్కు సిలిండర్‌లో సీఓ నిలవుంటే ఐరన్ కార్బొనిల్ పుట్టి, ప్లాటినం మీద ఇనుము పేరుస్తుంది. క్రిస్టల్‌కు సీఓ తెచ్చే డోసింగ్ లైన్‌లో రాగి గొట్టం చుట్టను లిక్విడ్ నైట్రోజన్‌లో ముంచితే కార్బొనిల్ గడ్డకడుతుంది, తక్కువ పీడనంలో సీఓ దాటిపోతుంది.

పీకు ఉష్ణోగ్రత నుంచి సీఓ ఊడటానికి కావలసిన శక్తిని తేల్చేది రెడ్‌హెడ్ లెక్క. పీకు 450 కెల్విన్ దగ్గర వస్తే, 10¹³ (సెకనుకు ఊడే ప్రయత్నాల అంచనా) × 450 ÷ 2 (వేడిచేసే వేగం) కు సహజ లాగరిథం 35.35, అందులో 3.64 తీస్తే 31.71, దాన్ని 8.314 × 450 తో గుణిస్తే మోలుకు సుమారు 118.6 కిలోజౌళ్లు. ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ క్రిస్టల్ అంచుకు వెల్డు కాకుండా తీగకు తగిలి 10 కెల్విన్లు తప్పు చూపితే, రెండున్నర కిలోజౌళ్లకు పైనే తేడా. ఈ లెక్క చిన్న డోసులకే. నిండుగా పడితే సీఓలు ఒకదాన్నొకటి నెట్టుకుని పీకు కిందికి జరుగుతుంది.

అన్నట్టు, వ్యాక్యూమ్ తీసే టర్బో పంపును చల్లబరిచే చిల్లర్‌లో మన దిక్కు బోరు నీళ్లు పోయకు. ఉప్పు పేరుకుని ఎండాకాలంలోనే పంపు ట్రిప్ అవుతుంది. డిస్టిల్డ్ వాటర్ పొయ్యి.