డికాక్షన్ రోజుకో రకంగా ఎందుకు దిగుతోంది?

పాలకొల్లు నుంచి ఒక గృహిణి: మాది ఆరుగురికి సరిపడే స్టీలు కాఫీ ఫిల్టరండి, ఇప్పుడు ఇంట్లో ఉండేది మేమిద్దరమే. అదే పొడి, అదే చెంచా, రోజూ మూడు చెంచాలే వేస్తాను. అయినా ఒకరోజు చిక్కగా దిగుద్ది, ఒకరోజు నీళ్ళనీళ్ళగా ఉంటది. మా ఆయన పొడి మార్చేయమంటున్నారు. మార్చమంటారా?

పొడి జోలికి ఇప్పుడే వెళ్ళకండమ్మా. మీరు రాసిందాంట్లోనే రెండు కారణాలు కనిపిస్తున్నాయి, ఒకటి చెంచా, రెండోది ఆ పెద్ద ఫిల్టరు.

ముందు చెంచా సంగతి చెప్తాను. మా అమ్మ కాఫీ డబ్బాలో ఎప్పుడూ ఒకటే చెంచా ఉండేది, కాడ కాస్త వంగిపోయి, అది ఇప్పుడు నా దగ్గరే ఉంది. కిందటేడు వంటింట్లోకి డిజిటల్ కాటా కొన్నాక చూద్దాం అనిపించి దాంతోనే పొడి తీసి తూచాను, మొదటిసారి 6 గ్రాములు వచ్చింది, రెండోసారి కొంచెం గోపురంగా తీస్తే 9, డబ్బా అడుక్కొచ్చాక గీకి తీస్తే 5 కూడా రాలేదు. అదే చెయ్యి, అదే చెంచా! అంటే మూడు చెంచాలు ఒకరోజు 15 గ్రాముల లోపే అవుతున్నాయి, ఇంకోరోజు 27, ఇక రుచి ఒకేలా ఎలా ఉంటదండి. దానికి తోడు బాగా నల్లగా వేయించిన గింజల పొడి తేలిగ్గా ఉంటది, చెంచా నిండినా బరువు తూగదు, అదే డబ్బాని నాలుగుసార్లు తట్టి పెడితే పొడి అణిగి బరువెక్కుద్ది.

అందుకని కాటా కొనుక్కోండి. 1 గ్రాము తేడా చూపించేది చాలు, ఖరీదైనది అక్కర్లేదు. ఫిల్టరు పై గిన్నె దాని మీద పెట్టి సున్నా నొక్కి పొడి వేసుకోవడమే. తర్వాత కింది గిన్నెతో సహా పెట్టి మళ్ళీ సున్నా చేసి నీళ్ళు కూడా దానిమీదే పొయ్యొచ్చు, ఒక మిల్లీలీటరు నీళ్ళంటే ఒక గ్రామే కదా. నేను పాటించే లెక్క మనిషికి 10 గ్రాముల పొడి, పొడికి 5 రెట్లు నీళ్ళు. మీ ఇద్దరికీ 20 గ్రాముల పొడి, 100 నీళ్ళు. పొడి తన బరువుకి ఇంచుమించు రెండింతల నీళ్ళు పీల్చుకుని ఉంచేసుకుంటది కాబట్టి కిందకి 60 దాకా దిగుద్ది, తలా 30, దాంట్లో 90 నుంచి 100 పాలు. చిక్కగా కావాలంటే పొడి 2 గ్రాములు పెంచండి, నీళ్ళ జోలికి పోకండి. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు.

ఇక ఫిల్టరు. ఆ 20 గ్రాములూ ఆరుగురి ఫిల్టర్లో అడుగున పల్చగా పరుచుకుంటాయి, నీళ్ళు పొయ్యగానే సర్రున జారిపోతాయి, పొడిలో సారం దిగే టైమే ఉండదు. పొడి వేశాక పై గిన్నెలో కనీసం మూడోవంతైనా నిండాలండి. ఇద్దరికి సరిపడే చిన్న ఫిల్టరు ఒకటి కొని, పెద్దది సంక్రాంతికి అల్లుళ్ళూ పిల్లలూ దిగినప్పుడు తియ్యండి.

నీళ్ళు మరిగాక పొయ్యి కట్టేసి అరనిమిషం ఆగండి. ముందు పొడి తడిసేంత మాత్రమే పొయ్యండి, అది ఉబ్బి బుడగలొస్తాయి, మంచి వాసనొస్తది, ఇంకో అరనిమిషం ఆగి మిగతావి నెమ్మదిగా పోసి మూత పెట్టెయ్యండి. నీళ్ళు పొయ్యకముందే కాడ ఉన్న చిల్లుల బిళ్ళతో పొడిని సమంగా సర్దండి చాలు, బలంగా నొక్కొద్దు. పావుగంట నుంచి ఇరవై నిమిషాల్లో దిగితే సరిగ్గా ఉన్నట్టు.

అమలాపురం నుంచి ఒక ఉద్యోగి: మా బాధ దానికి రివర్సండి. నీళ్ళు పోసి ముప్పావుగంటైనా చుక్క దిగట్లేదు. ఆఫీసు టైమైపోతోంది.

ఈసారి ఆగిపోయినప్పుడు పై గిన్నెని ఒక్కసారి కొంచెం పైకెత్తి మళ్ళీ పెట్టి చూడండి. కింది గిన్నెలో గాలి, ఆవిరి బయటికెళ్ళే దారి లేక ఇరుక్కుంటే చుక్క పడదు, ఎత్తగానే టపటపా పడతాయి. అలా పడకపోతే చిల్లులు పూడిపోయినట్టే. కడిగిన పై గిన్నెని కిటికీ వైపు పెట్టి చూడండి, అడుగంతా వెలుగు చుక్కల్లా కనిపించాలి, నల్లగా మచ్చలుంటే కాఫీ జిడ్డు పట్టేసింది. వంటసోడా వేసిన వేడినీళ్ళలో ఓ గంట నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో అడుగు వైపు నుంచి రుద్దితే పోద్ది.

అదీ కాకపోతే ప్యాకెట్టు వెనక చదవండి. చికోరీ ఎంత శాతమో దానిమీద వేసి తీరాలని రూలు, మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, అంటే చికోరీ 49 దాకా ఉండొచ్చన్నమాట. చికోరీ ఒక మొక్క వేరు, వేయించి పొడి చేస్తారు, రంగూ చిక్కదనమూ ఇస్తది, కెఫీన్ ఉండదు. ఎక్కువైతే నీళ్ళు తగలగానే బంకలా అయ్యి దారి మూసేస్తది. మీరు 20 శాతం ఉన్నది తెచ్చుకుని చూడండి. మన డెల్టాలో గాలిలో చెమ్మ ఎక్కువ, చికోరీ ఉన్న పొడి ఇట్టే గడ్డ కట్టేస్తది, కాబట్టి బిగుతు మూతున్న డబ్బాలో పెట్టి, పది పదిహేను రోజులకి సరిపడానే కొనండి.

రాజోలు దగ్గర నుంచి ఒక టీచరు: మాకు బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఆర్వో నీళ్ళతో పెడితే కాఫీ చప్పగా ఉంటోంది. ఏం చెయ్యాలి?

ఈ ప్రశ్న అడిగినందుకు మీకు థాంక్సండి, సముద్రం వైపు ఊళ్ళలో అందరి బాధా ఇదే, కానీ పొడిని తిడతారు గానీ నీళ్ళని ఎవరూ అనుమానించరు. గ్లాసులో డికాక్షనంతా నీళ్ళే కదండి! కాఫీకి నీళ్ళలో కరిగిన ఖనిజాలు, అదే టీడీఎస్ అంటారే, లీటరుకి 150 మిల్లీగ్రాముల దగ్గర ఉంటే బాగుంటది. తాగేనీళ్ళకి మన ప్రమాణం 500 లోపు. బోరుది దాన్ని దాటిపోతే ఉప్పూ చేదూ కలిసి కాఫీ మొద్దుబారిపోద్ది, ఆర్వోది మరీ 30, 40కి పడిపోతే సారం సరిగ్గా దిగదు. పెన్నులాంటి టీడీఎస్ మీటరుంటది, దాంతో చూసి, మీ ఆర్వో మెషిన్లో టీడీఎస్ సర్దే స్క్రూ ఉంటే మెకానిక్కుతో 100, 150 మధ్య పెట్టించండి. కుళాయికి కాలవ నీళ్ళొచ్చే ఇళ్ళలో వాటినే వడగట్టి కాచి వాడుకుంటే ఇంకా హాయి. ఎండాకాలంలో కాలవలు కట్టేశాక చెరువు నిలవ నీళ్ళొస్తాయి, ఆ నెలలో రుచి మారితే కంగారు పడకండి.

భీమవరం నుంచి ఒక పాఠకుడు: అరకు నుంచి గింజలు తెచ్చుకున్నాం. మిక్సీలో ఆడించొచ్చా?

ఆడించొచ్చు, కానీ ఆపకుండా తిప్పితే జార్ వేడెక్కి వాసనంతా అక్కడే పోద్ది. మూడు సెకన్లు తిప్పి ఆపి, జార్ కదిపి, మళ్ళీ తిప్పండి. బొంబాయి రవ్వ కన్నా మెత్తగా, మైదా కన్నా గరుగ్గా రావాలి. అయినా మిక్సీలో కొంత పిండి, కొంత నూక వస్తది, రోజూ తాగేవాళ్ళయితే చేత్తో తిప్పే కాఫీ మర ఒకటి కొనుక్కోండి, గింజల్ని నరక్కుండా నలుపుద్ది, పొడంతా ఒకే సైజులో ఉంటది. అరకుది అరబికా రకం కాఫీ, 2019లో జీఐ గుర్తింపు, అంటే ఆ ప్రాంతానికే ప్రత్యేకమైన సరుకన్న గుర్తింపు కూడా వచ్చింది. చికోరీ కలవలేదు కాబట్టి డికాక్షన్ తొందరగా, పల్చగా దిగుద్ది, మనిషికి 12 గ్రాములు వెయ్యండి, పాలు ఓ 20 తగ్గించండి. మన గేదెపాల చిక్కదనానికి ఆ సన్నటి పులుపు మునిగిపోద్ది, కనీసం మొదటి గ్లాసైనా పాలు లేకుండా రుచి చూడండి.

తణుకు నుంచి ఒక పాఠకురాలు: మిగిలిన డికాక్షన్ సాయంత్రం వేడి చెయ్యొచ్చా?

పొయ్యి మీద పెట్టకండి, చేదెక్కిపోద్ది. మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, సాయంత్రం పాలు బాగా కాగాక చల్లటి డికాక్షనే గ్లాసులో పోసి పైన పాలు పొయ్యండి. పాలు మాత్రం ఒక్క పొంగుకే దించెయ్యండి.